వట్టివేరు వాసన ఎవరికి నప్పుతుంది?



మా తమ్ముడి కుమార్తె ఉద్యోగరీత్యా అమెరికాలో, అర్కన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్ పట్టణంలో కాపురముంటున్నది. 1950లో సామ్ వాల్టన్ అనే వర్తకుడు ఒక చిన్న దుకాణం తెరిచిన ఊరది. నేడు వాల్‌మార్ట్ సంస్థ ప్రధాన కార్యాలయం అక్కడే ఉన్నది. ఆంధ్ర, తెలంగాణల నుండి సాఫ్ట్‌వేర్ పనుల మీద వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఆ ఊళ్ళో చాలానే ఉన్నవి.

ఆ అమ్మాయి అక్టోబరులో ఉత్తరం వ్రాసింది. ఓక్ చెట్ల ఆకులు రాలుతున్నవట, వాన పడితే వీధంతా మట్టి వాసనట. స్నేహితురాలు ఒక అత్తరు సీసా బహూకరించిందట. దానితో వచ్చిన కాగితంలో ఈ పరిమళం మట్టి వాసన గలదని, శరత్కాలానికి తగినదని, మితభాషులకు, నిదానస్తులకు బాగా నప్పుతుందని ఉన్నదట. “ఇందులో వెటివర్ అనేది ముఖ్యమట. అదేమిటో మీకు తెలుసా పెదనాన్నా?” అని అడిగింది.

చదివి మొదట నవ్వుకొన్నాను. తరువాత మనసు చివుక్కుమన్నది. మన మారిషస్‌లో, మా ఇంటి వెనుక చెరకు తోట గట్టున, చిన్నతనంలో తాను దాగుడుమూతలాడిన గడ్డి అదే. దాని పేరు వట్టివేరు. గడ్డి గట్టు మీదనే ఉన్నది, పేరు మాత్రం మా ఇంట్లోనే జారిపోయింది. ఆమెకు వ్రాసిన జవాబునే కొంత పెంచి ఇక్కడ మీ ముందుంచుతున్నాను.

ముందుగా పేరు సంగతి. తమిళులు వెట్టివేర్ అంటారు, మనం వట్టివేరు అంటాం. తెలుగునాట కొన్ని చోట్ల అవురుగడ్డి అనీ, కురువేరు అనీ అంటారు. సంస్కృతంలో ఉశీరం. దక్షిణాది పేరునే ఫ్రెంచివారు స్వీకరించి వెతివేర్ అన్నారు. అక్కడ నుండి అది ఇతర ఐరోపా భాషలకు పాకింది. 1957లో కార్వెన్ అనే పారిస్ సంస్థ ఆ పేరుతోనే మగవారికి ఒక అత్తరు విడుదల చేసింది. పొలం పనివారి నోటి మాట పారిస్ సీసా మీద అచ్చయిందన్నమాట.

తెలుగునాట వట్టివేరుకు శరత్తుతో కంటె వేసవితోనే ఎక్కువ చుట్టరికం. కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లితే వడగాలి కూడ చల్లబడి, సువాసనతో లోపలికి వచ్చేది. మంచినీళ్ళ కుండలో నాలుగు వేళ్ళు వేసేవారు. శరత్కాలపు మట్టి వాసన పుట్టుక వేరు. రాలిన ఆకులను, తడి నేలను ఆశ్రయించి బ్రతికే సూక్ష్మజీవులు విడిచే జియోస్మిన్ అనే పదార్థం ఆ వాసనకు ముఖ్య కారణం. శాస్త్రజ్ఞులు దానికి ఆ పేరు పెట్టినది 1965లో. వట్టివేరు వాసన వేరులోని తైలానిది. అయినా ముక్కుకు రెండూ బంధువులే. ఆ తైలం చిక్కనిది, నెమ్మదిగా ఆవిరయ్యేది. పూల వాసన గంటలో పోతుంది, ఇది బట్టకు రోజుల తరబడి అంటి ఉంటుంది. అందుకే అత్తరు చేసేవారు దీనిని అడుగున ఉంచి, తక్కిన వాసనలను దీని మీద నిలబెడతారు.

ఇప్పుడు అసలు చరిత్రకు వద్దాం. దక్షిణ భారతంలో సాగయ్యే వట్టివేరు పూస్తుంది గాని మొలకెత్తే విత్తనం కట్టదు. గాలికి ఎగిరి పోదు, పిట్ట నోట పోదు. ఎవరో ఒకరు పిలకను త్రవ్వి, చేత పట్టుకొని పోయి, మరొక చోట నాటవలసిందే. ప్రపంచంలో అనేక దేశాల్లో పెరుగుతున్న వట్టివేరు దాదాపు ఒకే దక్షిణ భారత మొక్క సంతానమని 1990లలో జన్యు పరీక్షలు తేల్చినవి. ఆ పిలకలను మన పెద్దలే తెచ్చారని నేను అనను. తోటల యజమానులు కూడ ఎన్నో మొక్కలను ఓడల మీద తెప్పించేవారు. కాని చెరకు ఎక్కడికి పోయిందో ఈ గడ్డీ అక్కడికి పోయింది, కూలీలూ అక్కడికే పోయారు.

1828లో యానాం నుండి 15 మంది తెలుగువారిని పొరుగు ద్వీపమైన రీయూనియన్‌కు పనికి తీసుకొని పోయారు. 1834 నుండి మన ద్వీపానికి ఒప్పంద కూలీల రాక మొదలై, దాదాపు ఐదు లక్షల మంది ఈ రేవులో దిగారు. మనవారు కోరంగి రేవు పేరున కోరంగీలని పిలువబడ్డారు. నెలకు 5 రూపాయల జీతం. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. రీయూనియన్ వట్టివేరు తైలం బూర్బోన్ అనే పేరుతో లోకప్రసిద్ధమైంది. మన ద్వీపంలో ఆ గడ్డిని తోటల అంచున, బాటల ప్రక్కన నాటారు. దాని వేళ్ళు మూడు నాలుగు మీటర్ల లోతుకు దిగి మట్టిని పట్టి ఉంచుతవి.

ఫిజీ చెరకు కొండలలో 1950ల నుండి వట్టివేరు వరుసలు నాటి మట్టి కోతను ఆపారు. అక్కడ ఆ పని చేసిన జాన్ గ్రీన్‌ఫీల్డ్, 1980లలో రిచర్డ్ గ్రిమ్‌షాతో కలసి ప్రపంచ బ్యాంకు తరఫున భారతదేశంలో అదే పద్ధతిని ప్రచారం చేశాడు. కాని మైసూరు ప్రాంతపు గుండ్లుపేట రైతులు తరతరాలుగా పొలం గట్లకు వట్టివేరే నాటుతున్నారని తెలియవచ్చింది. పల్లెవారికి తెలిసిన విద్యనే లోకం సముద్రాలు చుట్టి వచ్చి నేర్చుకొన్నది!

బెంటన్‌విల్‌కు కూడ ఈ గడ్డి దూరపు చుట్టమే. అర్కన్సాకు దక్షిణాన ఆనుకొని ఉన్న లూజియానా చెరకు సీమ. నల్లజాతి బానిసల చెమటతో పండిన నేల. అక్కడి పాత కుటుంబాలవారు బట్టల పెట్టెల్లో వట్టివేళ్ళు పెట్టుకొనేవారు. నేడు వట్టివేరు తైలంలో అధిక భాగం హైతీ నుండి వస్తున్నది. ఆ వేళ్ళు త్రవ్వేవారు కూడ ఒకనాటి బానిసల సంతతివారే.

ఇక ఆ కాగితం మాట. ఈ వాసన మితభాషులకు, నిదానస్తులకు నప్పుతుందట. మనిషి స్వభావాన్ని సీసాతో కొలవడం వర్తకుల చమత్కారం. కాని ఒక మాట ఆలోచించవలసి ఉన్నది. మన పెద్దలను కూడ తోటలవారు నెమ్మదస్తులు, నోరులేనివారు అనే అన్నారు. అది వారి స్వభావం కాదు. నోరెత్తితే జీతం కోత, సెలవు లేకుండా బయటికి పోతే జైలు. ఇన్ని ఆంక్షల నడుమ కూడ వారు రామభజనం నిలిపారు, అమ్మోరు పండుగ నిలిపారు, సింహాద్రి అప్పన్నను మరువలేదు. పైకి గడ్డిపోచ, లోపల మూడు మీటర్ల వేరు. ఆ వాసన నిజంగా ఎవరికైనా నప్పుతుందంటే వారికే నప్పుతుంది.

మా అమ్మాయి మరొక ప్రశ్న కూడ వేసింది. వీసా గడువులు లెక్కపెట్టుకొంటూ బ్రతికే ఇక్కడి తెలుగువారు కూడ ఒక రకం ఒప్పంద కూలీలే కదా అని. కాదమ్మా అని వ్రాశాను. చదువుకొని, ఇష్టపడి, విమానమెక్కి పోయిన మీరు వేరు. వ్రేలిముద్ర వేసి, ఎక్కడికో తెలియక ఓడ ఎక్కినవారు వేరు. రెండింటినీ ఒకటనడం ఆ పెద్దల కష్టాన్ని తక్కువ చేయడమే అవుతుంది. అయితే పరాయి నేల మీద పిల్లలకు దేని పేరైనా సొంత భాషలో చెప్పకపోతే అది ఒక్క తరంలో పోతుందనే భయం మాత్రం ఇద్దరికీ సమానమే.

ఉత్తరార్ధగోళంలో ఉగాది వసంతంలో వస్తుంది. మనకు శరత్తు ముఖద్వారంలో వస్తుంది. కనుక నా మనవి ఇది. వచ్చే ఉగాదినాడు పిల్లలను గట్టు మీదికి తీసుకొని పోండి. ఒక పిలక త్రవ్వి, వేరు బాగా కడిగి, ముక్కు దగ్గర పెట్టండి. ఎవరికి నప్పుతుందో తరువాత చెప్పవచ్చు. ముందు దాని పేరు చెప్పండి.