నయా ఖిలాలో గోల్ఫ్: హైదరాబాద్ సంఘం ఏం చేస్తుంది, మన పిల్లలకు దారి ఎక్కడుంది

గోల్కొండ అనగానే అందరికీ గుర్తొచ్చేది బాలా హిసార్, కింద చప్పట్లు కొడితే పైన వినపడే దర్వాజా, సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో. కోటకు ఈశాన్యంగా, ప్రధాన గోడలకు ఆవల ఇంకో ప్రాకారం ఉందన్న సంగతి హైదరాబాద్‌లోనే చాలామందికి తెలియదు. దాని పేరు నయా ఖిలా. టోలీచౌకి, షేక్‌పేట వైపు నుంచి వెళ్లేవాళ్లకు పాత గోడల మధ్య పచ్చటి గడ్డి, తెల్ల ప్యాంట్ల మనుషులు, వాళ్ల వెనుక సంచి మోసే కుర్రాళ్లు కనిపిస్తారు. అదే హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ నడుపుతున్న 18 హోళ్ల కోర్సు. ఈ సంఘం గురించి పత్రికల్లో వచ్చే వార్తలు రెండే రకాలు. ఒకటి టోర్నమెంట్ ఫలితాలు, రెండోది కోట గోడల దగ్గర తవ్వకాల గొడవ. ఈ రెండింటికీ మధ్య ఉన్న విషయాలు, ముఖ్యంగా అమెచ్యూర్ ఆట ఎలా నడుస్తుంది, సామాన్య కుటుంబం పిల్లవాడికి అందులో చోటుందా అన్నవి ఎవరూ పెద్దగా రాయరు.

ముందు స్థలం సంగతి. 1656లో దక్కన్ సుబేదారుగా ఉన్న ఔరంగజేబ్ గోల్కొండను ముట్టడించాడు. కోటకు దగ్గరగా ఉన్న ఒక గుట్ట శత్రువు చేతిలో పడితే ఎంత ప్రమాదమో అబ్దుల్లా కుతుబ్ షాకు అప్పుడు అర్థమైంది. ఆ గుట్టను లోపలికి కలుపుకుంటూ కట్టించిన కొత్త ప్రాకారమే నయా ఖిలా. ఔరంగజేబ్ మళ్లీ వచ్చి దాదాపు ఎనిమిది నెలల ముట్టడి తర్వాత 1687లో కోటను గెలిచాడు, అది వేరే కథ. ప్రాకారం లోపల ఇబ్రహీం కుతుబ్ షా కాలం నాటి ముస్తఫా ఖాన్ మస్జిద్, ముల్లా ఖయాలీ మస్జిద్, తోటల ఆనవాళ్లు, నీటి కాలువలు ఉన్నాయి. పురావస్తు శాఖ జరిపిన తవ్వకాల్లో ఆ తోటల నడక దారులు, కాలువలు కొన్ని బయటపడ్డాయి కూడా. అన్నిటికన్నా జనం ఇష్టంగా చూసేది హతియాన్ కా ఝాడ్. ఆఫ్రికా నుంచి వచ్చిందని చెప్పుకునే బావోబాబ్ చెట్టు అది. మొదలు చుట్టుకొలత సుమారు 27 మీటర్లు. లోపల మనుషులు దూరి కూర్చునేంత తొర్ర ఉంది. నాలుగు వందల ఏళ్లు దాటిందని నమ్మకం.

ఈ భూమిలో ఒకప్పుడు రైతులు సాగు చేసేవాళ్లు. తర్వాత ప్రభుత్వ పర్యాటక శాఖతో ఒప్పందం మీద గోల్ఫ్ వచ్చింది. అంటే భూమి సంఘానిది కాదు, పైగా ప్రాకారం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం, దానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. గోల్ఫ్ కోర్సు అంటే ఊరికే గడ్డి పెంచడం కాదు. టీ ఎత్తు చేయాలి, బంకర్ తవ్వాలి, నీటి పైపులు వేయాలి. మట్టి కదిలిన ప్రతిసారీ అనుమతి ఉందా అన్న ప్రశ్న లేస్తుంది. వారసత్వ కార్యకర్తలు, చుట్టుపక్కల వాళ్లు ఏళ్లుగా అడుగుతున్నది ఇదే. దానితోపాటు మస్జిదుల దగ్గరికి, చెట్టు దగ్గరికి పోవడానికి ఆంక్షలెందుకన్నది రెండో ప్రశ్న. ఆటగాళ్ల వైపు వాదన ఏమిటంటే, ఈ మైదానం లేకపోతే ఇన్ని ఎకరాలు ఎప్పుడో కబ్జా అయిపోయేవి. షేక్‌పేట చుట్టూ ఏం జరిగిందో చూసినవాళ్లు ఈ మాటను కొట్టిపారేయలేరు. అయినా కబ్జా కాకుండా కాపాడటం వేరు, జనాన్ని దూరంగా పెట్టడం వేరు. చెట్టు చూడటానికి పిల్లలతో వెళ్లే కుటుంబం గేటు దగ్గర ఎవరి దయ మీదా ఆధారపడకూడదు. వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం ఆట నడిచే వేళల్లో ఫెయిర్‌వే అడ్డంగా దాటొద్దు. దూరం నుంచి వచ్చే బంతి రాయిలాంటిదే, తలకు తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఎవరైనా 'ఫోర్' అని అరిస్తే అటువైపు చూడకుండా తల కప్పుకుని వంగాలి.

ఇక సంఘం పని. దేశం మొత్తానికి అమెచ్యూర్ గోల్ఫ్‌ను చూసేది 1955లో ఏర్పడ్డ ఇండియన్ గోల్ఫ్ యూనియన్. ఆట అంతకన్నా చాలా పాతది. రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ 1829లో మొదలైంది, ఆలిండియా అమెచ్యూర్ చాంపియన్‌షిప్ 1892 నుంచి ఉంది. ప్రాంతీయ సంఘాలు, క్లబ్బులు కింది స్థాయి పని చేస్తాయి. నెలవారీ పోటీలు, క్లబ్ చాంపియన్‌షిప్, మహిళల పోటీలు, సీనియర్ల పోటీలు, సెలవుల్లో పిల్లల శిబిరాలు, పక్క క్లబ్బులతో మ్యాచ్‌లు, వీటన్నిటికీ తేదీలు, డ్రా, రిఫరీలు. నయా ఖిలా కోర్సులో ప్రొఫెషనల్స్ ఆడే గోల్కొండ మాస్టర్స్ కూడా జరుగుతుంది. కానీ సంఘం గుండెకాయ టోర్నమెంట్ కాదు, హ్యాండిక్యాప్ కమిటీ. ఆ లెక్క తెలిస్తే సగం ఆట తెలిసినట్టే.

గోల్ఫ్‌లో తక్కువ దెబ్బలు కొట్టినవాడు గెలుస్తాడు. ఒక్కో హోల్‌కు 3, 4 లేదా 5 దెబ్బల పార్ ఉంటుంది. 18 హోళ్లకు కలిపి సాధారణంగా 72 చుట్టుపక్కల. ఇరవై ఏళ్లుగా ఆడుతున్న డాక్టర్‌గారు, నిన్నగాక మొన్న బ్యాట్ వదిలి క్లబ్ పట్టిన కుర్రాడు ఒకే పోటీలో ఎలా ఆడతారు? అందుకే హ్యాండిక్యాప్. 2020లో ప్రపంచమంతటికీ ఒకే పద్ధతి తెచ్చారు. మీ చివరి 20 రౌండ్ల స్కోర్లు తీసుకుంటారు, కోర్సు కష్టాన్ని బట్టి సరిచేస్తారు, వాటిలో ఉత్తమమైన 8 ఎంచి సగటు తీస్తారు. అదే మీ ఇండెక్స్. మొదటిసారి ఇండెక్స్ రావడానికి మొత్తం 54 హోళ్ల స్కోరు చాలు. మూడు పూర్తి రౌండ్లయినా సరే, తొమ్మిదేసి హోళ్లు ఆరుసార్లయినా సరే. గరిష్ఠంగా 54.0 దాకా ఇస్తారు, అంటే కొత్తవాళ్లకు కూడా చోటుంది.

ఉదాహరణకు మామయ్య 79 దెబ్బల్లో రౌండ్ ముగించాడు, ఆయనకు ఆ కోర్సులో హ్యాండిక్యాప్ 6. నెట్ స్కోరు 73. అల్లుడు 94 కొట్టాడు, హ్యాండిక్యాప్ 23. నెట్ 71. నెట్ పోటీలో కప్పు అల్లుడిదే, గ్రాస్ పోటీలో మామయ్యదే. ఇక్కడే మోసానికి సందు ఉంది. మంచి స్కోర్లు దాచి చెడ్డవి మాత్రమే నమోదు చేయిస్తే హ్యాండిక్యాప్ పెరుగుతుంది, పోటీ రోజున సులువుగా గెలవొచ్చు. ఇలాంటివాళ్లను క్లబ్బుల్లో 'బండిట్' అంటారు, అంటే దొంగ అనే. కమిటీ స్కోరుకార్డుల మీద ఆటగాడితో పాటు మార్కర్ సంతకం కూడా అడిగేది ఇందుకే. తప్పు స్కోరుకు సంతకం పెట్టినవాడి పేరు ఆ క్లబ్బులో చాలాకాలం మాసిపోదు.

స్టేబుల్‌ఫోర్డ్ అనే ఇంకో లెక్క కొత్తవాళ్లకు హాయిగా ఉంటుంది. దెబ్బలు కాకుండా పాయింట్లు లెక్కిస్తారు. నెట్ పార్‌కు 2, ఒకటి తక్కువలో ముగిస్తే 3, ఒకటి ఎక్కువైతే 1, ఇంకా ఎక్కువైతే సున్నా. ఒక హోల్‌లో బంతి ముళ్ల పొదలో పడి పది దెబ్బలైనా పోయింది ఆ హోల్ ఒక్కటే, మిగతా రౌండ్ పాడవదు. 1932లో ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ అనే ఇంగ్లండ్ డాక్టర్ దీన్ని వాడుకలోకి తెచ్చాడు.

అమెచ్యూర్ అంటే పైసల కోసం ఆడనివాడు. ఆ గీత ఇప్పుడు కొంచెం జరిగింది. 2022 జనవరి 1 నుంచి అమలైన నిబంధనల ప్రకారం బహుమతి విలువ 700 పౌండ్లు లేదా 1,000 డాలర్లు దాటకూడదు. హ్యాండిక్యాప్ లేకుండా ఆడే పోటీల్లో ఆ పరిమితిలో నగదు కూడా తీసుకోవచ్చు, హ్యాండిక్యాప్ పోటీల్లో మాత్రం నగదు వద్దు. స్పాన్సర్ దగ్గర షూ, కిట్, ప్రయాణ ఖర్చు తీసుకోవడానికి ఇప్పుడు అడ్డు లేదు. డబ్బున్న ఇంటి పిల్లలకు ఇది చిన్న మార్పు, లేనివాళ్లకు చాలా పెద్ద మార్పు. అయితే ఫీజు తీసుకుని ఆట నేర్పడం మొదలుపెడితే సాధారణంగా అమెచ్యూర్ హోదా పోతుంది. కేడీగా పని చేసి కూలి తీసుకుంటే పోదు. ఈ తేడా తెలియక కొందరు పిల్లలు పోటీలకే దూరంగా ఉంటున్నారు.

కేడీల మాట వచ్చింది కాబట్టి కొంచెం ఆగాలి. మన దేశంలో గోల్ఫ్ కోర్సు పక్క బస్తీల పిల్లలే ఎక్కువగా కేడీలవుతారు. సంచి మోస్తూ, ఏ దూరానికి ఏ క్లబ్ వాడాలో, గ్రీన్ మీద వాలు ఎటుందో చూస్తూ చూస్తూ నేర్చేసుకుంటారు. చాలా క్లబ్బుల్లో సోమవారం కోర్సుకు సెలవు, ఆ రోజు కేడీలను ఆడనిస్తారు. ఢిల్లీలో కేడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆ టైటిల్ అందుకున్న తొలి భారతీయ ప్రొఫెషనల్ ఆయనే. 1993లో మళ్లీ గెలిచాడు. అంతకుముందు 1965లో గెలిచిన పి.జి. సేథీ అమెచ్యూర్. ఢిల్లీకే చెందిన రషీద్ ఖాన్ అమెచ్యూర్‌గా 2010 ఆసియా క్రీడల్లో జట్టు రజతం తెచ్చిన వాళ్లలో ఒకడు, 2014లో ఆసియన్ టూర్‌లో రెండు టైటిళ్లు గెలిచాడు. కలకత్తాలో కోర్సు గడ్డి చూసుకునే ఉద్యోగి కొడుకు ఎస్.ఎస్.పి. చౌరాసియా యూరోపియన్ టూర్ దాకా వెళ్లి గెలిచాడు. వీళ్లెవరూ సభ్యత్వం కొనుక్కుని లోపలికి వచ్చినవాళ్లు కాదు. గోల్కొండ గోడల పక్క గల్లీల్లో పిల్లలకు కోర్సు ఇంటి ముందే ఉంది. సంఘం పనిని కప్పులతో కాక, ఈ గల్లీల నుంచి ఎంతమంది హ్యాండిక్యాప్ కార్డు తీసుకున్నారన్న దానితో కొలవాలని నా అభిప్రాయం.

ఖర్చు సంగతి దాచి లాభం లేదు. పెద్ద క్లబ్ సభ్యత్వం లక్షల్లో ఉంటుంది. కానీ నేర్చుకోవడానికి సభ్యత్వం అక్కర్లేదు. డ్రైవింగ్ రేంజ్‌లో బకెట్ బంతులకు డబ్బు కట్టి ప్రాక్టీస్ చేయొచ్చు, శిబిరాలకు విడిగా ఫీజు కడతారు. నిబంధన ప్రకారం సంచిలో గరిష్ఠంగా 14 క్లబ్బులు ఉండొచ్చు, అన్నీ ఉండాలని ఎక్కడా లేదు. ఎనిమిది పదేళ్ల పిల్లవాడికి ఐదారు చాలు, అవీ సెకండ్ హ్యాండ్‌లో. పెద్దవాళ్ల క్లబ్ కోసి ఇస్తే బరువు తేడా వచ్చి స్వింగ్ చెడుతుంది, ఆ పొరపాటు చేయొద్దు. జాతీయ జూనియర్ పోటీలకు వయసు రుజువు తప్పనిసరి, జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో పేరు స్పెల్లింగ్ ఒకటే ఉండేలా ముందే సరిచేయించుకోండి. మన ఇళ్లలో పేరు ముందు ముహమ్మద్, షేక్ ఒకచోట పూర్తిగా, మరోచోట పొట్టిగా ఉండటం మామూలే. డెస్క్ దగ్గర ఇబ్బంది అక్కడే వస్తుంది.

తల్లిదండ్రులు అడిగే మిగతావి చిన్నవే. క్లబ్బుల్లో కాలరున్న చొక్కా అడుగుతారు. అమ్మాయిలు పొడుగు చేతులు, పూర్తి ప్యాంట్, స్కార్ఫ్‌తో ఆడటానికి ఆట నిబంధనల్లో అడ్డేమీ లేదు. సభ్యుల మధ్య చిన్న పందేలు కాసే అలవాటు ఈ ఆటలో పాతది, కానీ ఎవరూ బలవంతం చేయరు, 'నేను ఆడను' అంటే చాలు. శుక్రవారం రౌండ్ పడితే డ్రా వేయకముందే పొద్దున టీ టైమ్ అడగండి, వేశాక మార్చడం కష్టం.

నయా ఖిలా ఒక్కటే దిక్కు అనుకోనవసరం లేదు. మణికొండ వైపు బౌల్డర్ హిల్స్, సికింద్రాబాద్‌లో సైన్యం కోర్సు, విశాఖలో ఈస్ట్ పాయింట్ క్లబ్ ఉన్నాయి. ఎక్కడి ప్రవేశ నియమాలు అక్కడివే.

చివరగా నీళ్లు. కోర్సు పక్కనే షా హాతిమ్ తలాబ్. అది నిండితే కింద నదీమ్ కాలనీ, టోలీచౌకి పల్లం ఇళ్లలోకి నీరొస్తుంది. 2020 అక్టోబరు వానలకు ఏం జరిగిందో అక్కడి వాళ్లకు చెప్పనక్కర్లేదు. అవే వానలకు కోటలోని మజ్నూ బురుజులో ఒక భాగం కూలింది. తలాబ్ అలుగు, పాత కాలువలు, కోర్సు లోపలి డ్రైనేజీ ఎటు పోతున్నాయన్నది ఆటగాళ్ల విషయం మాత్రమే కాదు. జీహెచ్ఎంసీ, నీటిపారుదల శాఖ, పురావస్తు శాఖ, సంఘం కలిసి వానాకాలానికి ముందే ఒకసారి నడిచి చూడాలి. కాలనీ కమిటీలు ఆ తనిఖీకి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, రసీదు తీసుకుని ఉంచుకోవాలి. మే నెల దాటితే ఆ అర్జీతో పెద్దగా పని ఉండదు.