ఆవిరి స్నానం, చన్నీటి చికిత్స: తెలుగులో వాటి చరిత్ర

పరిచయం

మేడ్చల్, శామీర్‌పేట వైపు రిసార్టుల్లో ఆవిరి గదులు మీలో కొందరు చూసే ఉంటారు. ఆవిరిలో చెమట పట్టించుకొని చన్నీటి తొట్టిలో దిగడం ఈ మధ్య వచ్చిన అలవాటని చాలామంది అనుకుంటారు. కాని ఈ పద్ధతిని బోధించిన జర్మన్ గ్రంథం 1894లోనే తెలుగులోకి వచ్చింది. దాని చరిత్రను ఈ పాఠంలో తెలుసుకుందాం.

లూయీ కూనే సిద్ధాంతం

లూయీ కూనే వైద్య విద్య చదివినవాడు కాదు. 1883లో లైప్‌జిగ్ నగరంలో చికిత్సాలయం ప్రారంభించాడు. శరీరంలో మలిన పదార్థం పేరుకోవడమే అన్ని రోగాలకూ మూలమనీ, మందులు, శస్త్రచికిత్సలు అవసరం లేదనీ వాదించాడు. ఆవిరి స్నానంతో చెమట పట్టించి, వెంటనే కటిస్నానంతో, అంటే నడుము వరకు చన్నీటి తొట్టిలో కూర్చోబెట్టి, శరీరాన్ని చల్లబరచేవాడు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. అంతకు ముందు ఏడాదే, 1882లో, రాబర్ట్ కాక్ క్షయ రోగానికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నాడు. ఒక్కో రోగానికి ఒక్కో కారణం ఉంటుందని విజ్ఞానం నిరూపిస్తున్న కాలంలోనే, అన్నిటికీ ఒకటే కారణమని కూనే ప్రకటించాడు.

తెలుగు అనువాదం

కూనే గ్రంథాన్ని డి. వెంకటాచలపతి శర్మ తెలుగులోకి అనువదించారు. భారతదేశంలో ప్రకృతి వైద్య ఉద్యమం ఈ అనువాదంతోనే మొదలైందని చెబుతారు. హిందీ, ఉర్దూ అనువాదాలు 1904లో వచ్చాయి. చెమట పట్టించే చికిత్స మనకు అపరిచితం కాదు. చరక సంహితలో పదమూడు రకాల స్వేదకర్మలు ఉన్నాయి. పైగా అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు. టైఫాయిడ్ వంటి జ్వరాలకు వైద్యుల దగ్గర కూడా సరైన మందు లేని రోజులవి. ఖర్చు లేని నీటి చికిత్స వైపు జనం ఎందుకు చూశారో దీన్నిబట్టి ఊహించవచ్చు.

గాంధీజీ అనుభవం

1902లో బొంబాయిలో గాంధీజీ కుమారుడు మణిలాల్‌కు తీవ్రమైన టైఫాయిడ్ వచ్చింది. డాక్టరు గుడ్లు, కోడి రసం ఇవ్వమన్నా గాంధీజీ అంగీకరించలేదు. కూనే పద్ధతిలో కటిస్నానాలు చేయించి, తడి దుప్పటి చుట్టారు. బాలుడు కోలుకున్నాడు. అయితే అది దైవకృప వల్లనో, నీటి చికిత్స వల్లనో, పథ్యం, పరిచర్యల వల్లనో ఎవరు చెప్పగలరని ఆయనే ఆత్మకథలో ప్రశ్నించారు. ఒక రోగి కోలుకోవడం చికిత్సకు రుజువు కాదన్న వివేకం ఆ ప్రశ్నలో ఉంది.

నేటి పరిశోధన

2015లో ప్రచురితమైన ఒక ఫిన్లాండ్ అధ్యయనం 2,315 మంది పురుషులను సుమారు ఇరవై ఏళ్లు పరిశీలించింది. వారానికి నాలుగు నుంచి ఏడు సార్లు ఆవిరి స్నానం చేసినవారిలో గుండె సంబంధ మరణాలు తక్కువగా కనిపించాయి. ఇది సంబంధాన్ని చూపుతుందే తప్ప కారణాన్ని నిరూపించదు. మరోవైపు, చన్నీటిలో హఠాత్తుగా దిగితే ఊపిరి ఎగబీలుస్తాం, రక్తపోటు పెరుగుతుంది. గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారికి ఇది ప్రమాదకరం.

సారాంశం

ఆవిరి, చన్నీరు ఇచ్చే హాయి నిజం. అవి సర్వరోగ నివారిణులనే వాదానికి ఆధారం లేదు. 1948 నుంచి టైఫాయిడ్‌కు యాంటీబయాటిక్ ఉంది. దాన్ని కాదని తొట్టిని నమ్ముకుంటే ప్రాణానికే ముప్పు. అలవాటును, దాని పేరిట చేసే వాదాన్ని విడివిడిగా పరీక్షించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మణిలాల్ కోలుకోవడాన్ని కూనే సిద్ధాంతానికి రుజువుగా ఎందుకు తీసుకోలేం? ఐదు వాక్యాల్లో రాయండి.