తీగ రాని ఇంటికి ఇంటర్నెట్టు వచ్చిన వైనం



ఈ పూట పైరు సంగతి కాదు, పురుగు సంగతీ కాదు. మన ఇళ్లకు ఇంటర్నెట్టు ఏ దారిన వస్తున్నది, ఆ దారి ఎప్పుడు ఎలా పడినది అనే కథ చెప్పదలచాను. ఇదీ వ్యవసాయపు కబురేనా అని మీకు అనుమానం రావచ్చు. పంట నమోదు, బీమా, యార్డు ధర, వాన కబురు, పిల్లవాడి పరీక్ష ఫలితం – వీటిలో ఇంటర్నెట్టు ఊసు లేకుండా జరిగేది ఏదో ఒకటి చెప్పండి. అప్పుడు ఈ కాగితాలు మడిచి ఎరువుల సంగతే ఎత్తుకుంటాను.

నిజానికి మన పల్లెలకు దూరపు మాట మొదట గాలిలోనే వచ్చినది. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. పంచాయతీ ఆఫీసులో ఒక రేడియో, దానికి బండెడు బరువున్న బ్యాటరీ, బయట వెదురు గడకు కట్టిన ఏరియల్ తీగ – పెద్దవాళ్లకు ఇది ఇంకా కళ్లకు కట్టినట్లుంటుంది. వినడం బాగానే ఉండేది. కాని మనం చెప్పేదెలా? పూనా చుట్టుపక్కల జిల్లాలలో 1956లో యునెస్కో సాయంతో ఒక ప్రయోగం చేశారు. రమారమి 150 గ్రామాలలో రైతులను రేడియో చుట్టూ కూర్చోబెట్టి, విన్నదానిని చర్చింపజేసి, వారి ప్రశ్నలను కేంద్రానికి ఉత్తరాలుగా రాయించారు. కెనడాలో 1941 నుంచి నడుస్తున్న పద్ధతే ఇది. 1959లో దీనిని దేశమంతటా పెట్టారు. మాట వచ్చేదేమో రెప్పపాటులో, మన జవాబు పోయేదేమో తపాలా సంచిలో! ఈ తేడాను మనసులో పెట్టుకొని వినండి. ఆ తిరుగుదారి కోసం పడిన పాట్లే ఈ కథంతా.

తిరుగుదారి అంటే ఆ రోజుల్లో టెలిఫోను. టెలిఫోను అంటే రాగి తీగ. 1984లో సీ-డాట్ అనే సంస్థను ప్రభుత్వం స్థాపించినది. మన ఎండకూ దుమ్ముకూ తట్టుకొని, చల్లని గది లేకపోయినా పనిచేసే చిన్న ఎక్స్ఛేంజిని అక్కడి మన ఇంజనీర్లే తయారుచేశారు. 128 లైన్ల ఆ పెట్టెను 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటగా బిగించారు. ఆ తరువాత పెద్ద ఊళ్లన్నిటా పసుపుపచ్చ బోర్డుల ఎస్‌టీడీ బూతులు వెలిశాయి. బూతు దాకా వచ్చింది గాని, బూతు నుంచి చేలో ఉన్న ఇంటికి తీగ రాలేదు. ఎందుకు వస్తుంది? ఒక్క ఇంటి కోసం రెండు కిలోమీటర్లు స్తంభాలు పాతి తీగ లాగితే, ఆ ఇంటివారు కట్టే అద్దె ఎన్నేళ్లకు ఆ ఖర్చు తీర్చాలి? దానికి తోడు వానకు తీగ తడిసి గరగర, రాత్రికి రాత్రి రాగి కోసుకుపోయే దొంగలు. 2006 ప్రాంతంలో దేశంలో తీగ ఫోన్లు సుమారు 5 కోట్లు; 2020 నాటికి రమారమి 2 కోట్లకు దిగిపోయాయి. పల్లెల్లోనే ముందుగా ఊడాయి.

తీగ ఖర్చు తగ్గాలంటే చివరి రెండు కిలోమీటర్లకు తీగే లేకుండా చేయాలి అన్న ఆలోచన మద్రాసు ఐఐటీలో ఆచార్య అశోక్ ఝున్‌ఝున్‌వాలాగారి బృందానికి 1990లలోనే వచ్చినది. కార్‌డెక్ట్ అన్నారు దానిని. ఊరిలో ఒక స్తంభం. పది కిలోమీటర్ల లోపల ఇంటి మీద చిన్న ఏరియల్. గోడకు ఒక పెట్టె. ఆ పెట్టెకు ఒక పక్క ఫోను, మరొక పక్క కంప్యూటరు. వేగం 35 నుంచి 70 కిలోబిట్లు. ఇప్పుడు నవ్వు వస్తుంది గాని, ఫోనులో మాట్లాడుతూనే ఇంటర్నెట్టు నడవడం ఆనాటి పల్లెకు వింతే. ఈనాడు డాబాల మీద బిగిస్తున్న ఎయిర్‌ఫైబర్ పెట్టెకు అది తాతగారన్నమాట. పత్రికలు ఈ తాతగారిని ఎందుకో పెద్దగా తలచుకోవు.

ఇక సెల్‌ఫోను. 1995 జూలై 31న కలకత్తా నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడిన మాట మన దేశంలో మొదటి సెల్‌ఫోను మాట. సరిగా పదిహేను రోజులకు, ఆగస్టు 15న, ఇంటర్నెట్టును ప్రజలకు తెరిచారు. కవలలలాగా పుట్టిన ఈ రెండూ చాలాకాలం వేరువేరుగానే పెరిగాయి. 2002 చివర వచ్చిన సీడీఎంఏ ఫోన్లతో కొంత కలిశాయి. ఫోనుకు తీగ తగిలించి కంప్యూటరుకు కలిపితే ఇంటర్నెట్టు వచ్చేది. ఆ తరువాత అగ్గిపెట్టెంత డేటా కార్డులు వచ్చాయి.

2011లో నేనూ ఒకటి కొన్నాను. టౌనులో దుకాణంవాడు చూపించినప్పుడు గుర్రంలా పరుగెత్తింది. ఇంటికి తెస్తే కదలదు. చివరకు మూడు మీటర్ల తీగ తగిలించి, పాత అల్యూమినియం మూకుడులో దానిని కట్టి, కిటికీ బయట టవరు వైపు తిప్పి వేలాడదీస్తే కాస్త నడిచింది. మా అమ్మ ఆ మూకుడు కోసం నెల రోజులు సణిగింది.

ఆ తేడా ఎందుకో అప్పుడు నాకు తెలియదు. 2010లో వేలం వేసిన 3జీ, 2,100 మెగాహెర్ట్జుల అల. అల పొట్టిదైన కొద్దీ గోడ దాటలేదు, చెట్టు దాటలేదు, దూరం పోలేదు. 700 మెగాహెర్ట్జుల అల పొడవు సుమారు 43 సెంటీమీటర్లు; ఇప్పటి 5జీలో ఎక్కువగా వాడే 3,300ది 9 సెంటీమీటర్లు. పొడుగుది ఊరంతా నడుస్తుంది గాని తక్కువ మోస్తుంది. పొట్టిది ఎంతైనా మోస్తుంది గాని దగ్గరలోనే కూలబడుతుంది.

2016 సెప్టెంబరు 5న జియో 4జీ ప్రారంభమైన తరువాత సంగతి మీకు తెలిసిందే. అంతకుముందు ఒక జీబీకి రెండు వందల యాభై రూపాయలదాకా పోసినవాళ్లం, 2017 నుంచి నెలకు మూడు వందలతో రోజుకో జీబీ వాడాము. పల్లెలో చాలా ఇళ్లకు ఇంటర్నెట్టు అంటే కంప్యూటరు కాదు, ఇంటాయన జేబులోని ఫోను. ఆయన చేనికి పోతే ఇంటర్నెట్టూ చేనికి పోయినట్లే. ఈ లోపం 2020లో బడులు మూసినప్పుడు బయటపడింది. ఇంటికి ఒకే ఫోను, ఇద్దరు పిల్లలు, ఒకే సమయంలో ఇద్దరికీ పాఠం! నీళ్ల ట్యాంకు ఎక్కిన పిల్లలనూ, చెట్టెక్కిన పిల్లలనూ మనమంతా చూశాము. ఏజెన్సీలో రేషను డీలర్లు వేలిముద్రల మిషను పట్టుకొని సిగ్నలు కోసం గుట్టలు ఎక్కడం అంతకుముందు నుంచే ఉన్నది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 5జీ 2022 అక్టోబరు 1న మొదలైంది. 2023 ఆగస్టులో ఎయిర్‌టెల్, సెప్టెంబరులో జియో, టవరు గాలినే ఇంటికంతటికీ పట్టి ఇచ్చే పెట్టెలు తెచ్చాయి. డాబా మీద ఒక పెట్టె, లోపల ఒక వైఫై పెట్టె. పేరులో ఫైబర్ అని ఉంటుంది గాని ఇంటికి ఫైబరు రాదు, గాలే. సిమ్ము వేసే మామూలు 4జీ రౌటరూ ఇదే పని చేస్తుంది, తక్కువ వేగంతో.

దీనిని అర్థం చేసుకోవడానికి ఇంజనీరు కానక్కరలేదు, కాలువ కింద సేద్యం చేసినవాడైతే చాలు. టవరు అంటే తూము. సాధారణంగా ఒక టవరుకు మూడు దిక్కులకు మూడు తూములుంటాయి. ఒక దిక్కున ఉన్న ఫోన్లూ పెట్టెలూ అన్నీ ఆ ఒక్క తూము నీళ్లే పంచుకోవాలి. పొద్దున వేగంగా వచ్చినది రాత్రి ఎనిమిదింటికి సన్నగిల్లిందంటే, ఎగువవాళ్లంతా మడవలు తెరిచారన్నమాట. టవరుకు దూరంగా ఉన్నవాడు కాలువ చివరి రైతు. టవరుకు మాత్రం నీళ్లెక్కడివి? భూమిలో పాతిన ఫైబరు నుంచి, లేదా టవరుకు డప్పులాగా తగిలించిన గుండ్రని పళ్లెం నుంచి. గాలిలో వచ్చేది చివరి మజిలీ మాత్రమే. రోడ్డు పక్కన పొక్లెయినుతో తవ్వి ఫైబరు తెంపితే మీ గాలి ఇంటర్నెట్టూ ఆగుతుంది. కరెంటు పోయినా అంతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టినప్పుడు విశాఖపట్నం వైపు కరెంటు లేక, డీజిలు అందక టవర్లు మూగపోయాయి. ఏ కబురు అవసరమో అప్పుడే కబురు లేదు.

కొనబోయే ముందు రెండు మూడు రోజులు పరీక్ష చేయండి. అమ్మేవాడి ఫోనులో కాదు, మీ డాబా మీద, రాత్రి ఏడు నుంచి పది మధ్య. ఫోను సెట్టింగులలో సిగ్నలు బలం మైనస్ అంకెలలో చూపుతుంది. మైనస్ అంటే అప్పు అనుకోండి. 85 అప్పు మంచి సంసారం, 100 గడిచిపోతుంది, 110 దాటితే డబ్బు కట్టకండి. డాబా నాలుగు మూలలా చూడండి, మూలమూలకూ తేడా ఉంటుంది. నెలకు ఎంత వాడవచ్చో కాగితం మీద చదవండి. డాబా పెట్టె పథకాలలో చాలావాటికి వెయ్యి జీబీ హద్దు, ఆపైన వేగం తగ్గిస్తారు. ఫోను హాట్‌స్పాటుకైతే రోజువారీ ఒకటిన్నర, రెండు జీబీలే. ఒక గంట వీడియోకు బొమ్మ నాణ్యతను బట్టి అర జీబీ నుంచి మూడు జీబీలు పోతాయి గనుక, ఇంటిల్లిపాదికీ హాట్‌స్పాటు చాలదు. సిగ్నలు పెంచే మిషనంటూ సంతలో అమ్మేవాటి జోలికి మాత్రం పోకండి. అనుమతి లేకుండా అవి బిగించడం చట్టవిరుద్ధం. అది కాలువకు దొంగతూము పెట్టడమే, ఊరందరి సిగ్నలూ చెడుతుంది.

ఫైబరు ఇంటికి వచ్చే ఊరైతే ఫైబరే తీసుకోండి, నా మాట అదే. పంచాయతీలన్నిటికీ ఫైబరు వేయాలని 2011లో తలపెట్టిన పథకానికే 2015లో భారత్‌నెట్ అని పేరు మార్చారు. మన ఆంధ్రలో కరెంటు స్తంభాల మీదుగా ఫైబరు లాగారు. కాని పంచాయతీ ఆఫీసు దాకా వచ్చినది తండాకూ, చేలో ఇంటికీ రావడం – రాగి తీగ కథ గుర్తున్నది కదా! అసలు టవరే లేని ఊళ్ల కోసం 2021 నవంబరులో ఆంధ్రతో కలిపి 5 రాష్ట్రాలలో 7,287 గ్రామాలకు, 2022 జూలైలో దేశమంతటా 24,680 గ్రామాలకు 4జీ ఇవ్వాలని కేంద్రం నిర్ణయించినది. మీ మండలంలో అటువంటి ఊరు ఏదైనా ఉంటే, దాని పేరు ఆ జాబితాలో ఉన్నదా లేదా అని విస్తరణ ఉద్యోగులు ఒకసారి కనుక్కోవడం మంచిది.

మా తమ్ముడి ఇల్లు చేలోనే. ఊరికి కిలోమీటరున్నర. ఒక ఖరీఫులో వాడి ఎకరంన్నర పంట నమోదు జాబితాలో పడలేదు. అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువున్నదని వాడికి తెలిసేసరికి గడువు దాటి నాలుగు రోజులైంది. ఫోనులో కబురు వచ్చిందట, వాడి ఇంట్లో సిగ్నలు లేదు. ఆ ఏడు వానకు పైరు పడిపోయింది. పరిహారం పక్క చేలకు వచ్చింది, వాడికి రాలేదు. ఆఫీసులో అడిగితే, "జాబితా పెట్టాం గదండీ" అన్నారు. అదీ నిజమే.

నిరుడు వేసవిలో ఇద్దరమూ వాడి డాబా నాలుగు మూలలా తిరిగాము. వాయవ్య మూల 91 చూపింది, మిగతావన్నీ నూటైదు పైమాటే. అక్కడ ఇనుప గొట్టం పాతి పెట్టె బిగించి, కరెంటు పోయినా నడవడానికి చిన్న బ్యాటరీ పెట్టాము. మా మరదలు మొదట టీవీ సీరియలు పెట్టమంది. పిల్లలు ఇంకేదో అన్నారు. వాడు మాత్రం ఖరీఫు జాబితా వచ్చిన రోజు రాత్రి అన్నం తినకుండా కూర్చొని సర్వే నంబర్లు ఒక్కొక్కటే చూశాడు. ఈసారి నంబరు ఉన్నది గాని అర ఎకరం తక్కువ పడింది. పాసుపుస్తకం ఫోటో తీసి, "అన్నయ్యా, ఇంగ్లీషులో రాయాలా, తెలుగులో రాయవచ్చా?" అని నాకు ఫోను చేశాడు. తెలుగులోనే రాయమన్నాను. పది నిమిషాలలో పోయింది. మర్నాడు పదకొండింటికి వ్యవసాయ సహాయకుడు చేను కొలవడానికి వచ్చాడు.