గోపాల్‌పూర్ దీపస్తంభం.. ఇసుక తీరపు దర్శనం

ఇచ్ఛాపురం: ఆంధ్ర సరిహద్దు దాటి ఉత్తరంగా సాగితే ఒడిశాలోని గంజాం జిల్లా గోపాల్‌పూర్ తీరం వస్తుంది. అక్కడి దీపస్తంభం పైనుంచి చూస్తే ఒకవైపు బంగాళాఖాతం, మరోవైపు పట్టణం, ఈశాన్యంగా ఛత్రపురం దిశగా సాగే ఇసుక తీరం కనువిందు చేస్తాయి. ఆ ఇసుక కేవలం చూసి ఆనందించదగినది మాత్రమే కాదు. గనికీ, జాలరికీ, తాబేలుకూ అదే ఆధారం.

రంగూన్ ఓడల రేవు

బ్రిటిష్ పాలనలో గోపాల్‌పూర్ పేరొందిన రేవు. గంజాం సీమకు చెందిన తెలుగు, ఒడియా కూలీలెందరో పొట్ట చేతపట్టుకుని ఇక్కడ ఓడలెక్కి బర్మాకు తరలివెళ్లారు. రెండో ప్రపంచ యుద్ధంతో ఆ రాకపోకలు నిలిచిపోయాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో అంతర్భాగం. నేటికీ ఇక్కడి జాలరి పల్లెల్లో తెలుగు వినిపిస్తుంది.

ఇసుకే ఖనిజం

ఛత్రపురం వద్ద కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఐఆర్‌ఈఎల్ తీరపు ఇసుకను తవ్వుతోంది. నీటి ప్రవాహం సాయంతో బరువైన రేణువులను వేరుచేసి, అయస్కాంత, విద్యుత్ పద్ధతుల్లో ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్, గార్నెట్, మోనజైట్ వంటి ఖనిజాలను విడదీస్తారు. ఇల్మనైట్ నుంచి రంగుల పరిశ్రమకు అవసరమైన తెల్లని పదార్థం తయారవుతుంది. మోనజైట్‌లో థోరియం లభిస్తుంది.

తాబేళ్ల నెలవు

ఛత్రపురానికి ఆవల రుషికుల్య నది సాగరంలో కలిసేచోట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. ఇవి సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి. సుమారు 50 రోజులకు పిల్లలు బయటపడి, వెలుగున్న దిశను సముద్రంగా భావించి సాగుతాయి. ఒడ్డున దీపాలు వెలిగితే అవి దారితప్పి ప్రాణాలు కోల్పోతాయి. ఆ రోజుల్లో వెళ్లే సందర్శకులు టార్చిలైట్లు, కెమెరా ఫ్లాష్‌లు వాడరాదు. గుడ్లున్న ఇసుకను తొక్కరాదు.

ఎలా వెళ్లాలి?

హౌరా-చెన్నై రైలు మార్గంలోని బరంపురం స్టేషన్‌లో దిగాలి. అక్కడినుంచి గోపాల్‌పూర్ సుమారు 16 కిలోమీటర్లు. దీపస్తంభం సందర్శన వేళలను ముందుగా విచారించుకోవడం మేలు. ఇక్కడ అలల ఉద్ధృతి ఎక్కువ కనుక లోతుకు దిగి స్నానం చేయడం ప్రమాదకరం. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను హెచ్చరికలను గమనించి బయలుదేరాలి. 2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను తీరం దాటింది ఈ గోపాల్‌పూర్ సమీపంలోనే.