చెవికి అందని టెలిఫోను

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరగానే నాకు గుర్తొచ్చింది 1978లో కడప జిల్లాలోని ఒక చిన్న ఊరి పబ్లిక్ కాల్ ఆఫీసు. నేనప్పుడు అక్కడ కౌంటరులో ఉండేవాణ్ణి.

ఒక సాయంత్రం బాగా చెవుడు వచ్చిన పెద్దాయన ఒకరు కర్నూలుకు ట్రంక్ కాల్ బుక్ చేశారు. కూతురు అక్కడ ఆసుపత్రిలో కాన్పుకు చేరింది. లైను కలిసింది గాని ఆయనకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. మూడు నిమిషాలూ గడిచిపోతున్నాయి. "ఏమంటాండారో నువ్వే విని చెప్పు నాయనా" అని రిసీవరు నా చేతిలో పెట్టారు. నేను విని, టెలిగ్రాం ఫారం వెనుక "ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం" అని రాసి చూపాను. ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఇతరుల సంభాషణ వినరాదన్న నియమం ఉంది గనుక మరునాడు నాకు మందలింపు తప్పలేదు.

1876లో టెలిఫోనుకు పేటెంటు పొందిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ చెవిటి పిల్లలకు పాఠాలు చెప్పిన గురువు. ఆయన తల్లికి వినికిడి చాలా తక్కువ, భార్యకు అసలే లేదు. అయినా ఆ యంత్రం చెవిటివారికి దాదాపు 90 ఏళ్లు దూరంగానే ఉండిపోయింది. 1964లో అమెరికాలో, తానూ చెవిటివాడైన భౌతిక శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ టెలిప్రింటరును మామూలు టెలిఫోను లైనుకు కలిపే పరికరం తయారు చేశాడు. టైపు చేసిన అక్షరం ధ్వనిగా మారి లైనులో వెళ్లి, అవతల మళ్లీ అక్షరంగా అచ్చవుతుంది. మన తంతి ఆఫీసుల్లో టకటకలాడిన యంత్రాల వంటివే అవి. అటువంటి యంత్రం లేనివారితోనూ మాట్లాడేందుకు, మధ్యలో ఒక ఆపరేటరు విని టైపు చేసే రిలే సేవను 1990 నాటి చట్టం ప్రకారం 1993 నుంచి ఆ దేశమంతటా తప్పనిసరి చేశారు. ఆ సంగతి చదివినప్పుడు నా టెలిగ్రాం ఫారం జ్ఞాపకం వచ్చింది. నేను మందలింపు తిన్న పనే అక్కడ హక్కయింది!

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సమాచార సాధనాలు అందరికీ అందుబాటులో ఉండాలంటున్నది. ఎస్సెమ్మెస్, వీడియో కాల్ వచ్చాక చెవిటివారికి ఫోను నిజంగా చేతికందింది. అయినా ముఖ్యమైన విషయాలను ఫోనులో గబగబా చెప్పి పెట్టేసేవారు ఇంకా ఉన్నారు.

ఏళ్ల తరబడి హెడ్‌ఫోను మోసిన మన చెవులకూ ఇప్పుడు వయసు మీరింది. వినపడకపోతే సిగ్గుపడి "సరే, సరే" అనకండి. "రాసి పంపండి" అని అడగండి. మీ వినికిడి యంత్రానికి 'టి' స్విచ్ ఉంటే, దానికి తగిన ఫోనుతో వాడి చూడండి. ఇంట్లో పిల్లలకు నా మనవి ఒక్కటే: పెద్దల పక్కన కూర్చుని ఒక కాగితం ముక్క మీద రాసి చూపండి. దానికి ఏ నియమమూ అడ్డురాదు.