ఇందుమూలముగా తెలియజేయడమేమనగా

మా ఇంట్లో జరిగిన పెళ్లిళ్ల శుభలేఖలు ఎలా మొదలయ్యాయో నాకు ఒక్కటీ గుర్తులేదు. మా కాలేజీ నోటీసులు ఎలా మొదలయ్యేవో మాత్రం ఇవాళ్టికీ కంఠతా వచ్చు. "ఇందుమూలముగా యావన్మంది విద్యార్థులకు తెలియజేయడమేమనగా..." అంతే. ఆ తర్వాత వచ్చేది సెలవు కావచ్చు, జుల్మానా కావచ్చు, ఫలానా మేష్టారు రిటైరవుతున్నారన్న కబురు కావచ్చు. అన్నింటికీ అదే ముఖం, అదే గొంతు. సంతోషమూ దుఃఖమూ తెలియని స్థితప్రజ్ఞుడంటూ ఒకడుంటే వాడు నోటీసు రాసే గుమస్తాయే అని అప్పట్లో అనుకునేవాణ్ణి.

ఈ నోటీసుల మీద నాకింత ఆసక్తి ఎందుకంటే, ఒక నోటీసు పుణ్యమా అని నాకో ఏడాది పోయింది. ఏ కాలేజీ అన్నది ఇప్పుడు అప్రస్తుతం. పరీక్ష ఫీజు కట్టే ఆఖరి తేదీ నోటీసు పెట్టారు. సరిగ్గా దాని మీదే ఎవరో మహానుభావుడు బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక లెక్చరరు గారి వీడ్కోలు సభ నోటీసు తెచ్చి గుచ్చాడు. నేను పైది చదివాను. రెండు రూపాయలు చందా ఇచ్చాను. సభకు వెళ్లి, మైసూరుపాకు తిని, చేతులు నొప్పిపుట్టేలా చప్పట్లు కొట్టాను. నాలుగో రోజున డబ్బు పట్టుకుని కౌంటరు దగ్గరికి వెళితే గుమస్తా గారు కళ్లజోడు పైనుంచి చూసి, "గడువు మొన్నటితో సరి నాయనా" అన్నారు. ఆ ఫీజు డబ్బు కోసం మా నాన్న ధర రాకుండానే రెండు బస్తాల ధాన్యం అమ్మారు. ఇంటికెళ్లి సంగతి చెబితే ఆయన తిట్టలేదు. వారం రోజులు మాట్లాడలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

అప్పటినుంచి నాకో అలవాటు పట్టుకుంది. ఏ నోటీసు బోర్డు కనిపించినా పై కాగితం ఎత్తి కింద ఏముందో చూస్తాను. ఉద్యోగంలో చేరాక ఆ అలవాటు పాత కాగితాల మీదికి మళ్లింది. ఒక విశ్వవిద్యాలయం చరిత్ర తెలుసుకోవాలంటే స్నాతకోత్సవ ప్రసంగాలు చదవమంటారు పెద్దలు. నా మటుకు నాకు ఎవరిని ఎప్పుడు ఉద్యోగంలోకి తీసుకున్నారు, ఎవరు ఎందుకు వెళ్లిపోయారు అన్న రెండు ముక్కలు చాలు. ప్రసంగంలో సంస్థ తన గురించి తాను చెప్పుకుంటుంది. నియామకంలో దాని బుద్ధి బయటపడుతుంది.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తునే తీసుకోండి. 1926 ఏప్రిల్ 26న చట్టరీత్యా పుట్టింది. మొదట కాపురం బెజవాడలో. ఎక్కడ ఉండాలన్న దాని మీద పెద్ద రగడే జరిగింది. రాజమండ్రి వాళ్లు మాకంటే మాకన్నారు, అనంతపురం పేరూ వచ్చింది. చివరికి 1930లో వాల్తేరు కొండ మీదికి చేరింది. మొదటి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఉండటానికి స్థిరమైన చోటు కూడా లేని సంస్థకు ఆయన అధిపతి. ఆ రోజుల్లో అదేం సుఖమైన ఉద్యోగం కాదు.

సరే, చోటు కుదిరింది, ఇక ఇటుకలు పేర్చడమే తరువాయి అనుకుంటున్న సమయంలో, ఉప్పు సత్యాగ్రహం నాటి ప్రభుత్వ దమనకాండకు నిరసనగా 1930లో ఆయన రాజీనామా ఇచ్చారు. ఒక్కసారి ఊహించుకోండి. మద్రాసు గవర్నరే ఆ విశ్వవిద్యాలయానికి ఛాన్సలరు. డబ్బు రావలసింది ఆ సర్కారు దగ్గరనుంచే. నాలుగేళ్లు సాకిన పసిబిడ్డను చాప మీద పడుకోబెట్టి, మర్యాద దక్కని ఇంట్లో ఉండనని లేచి వెళ్లిపోవడం లాంటిది. ఆయన చేసింది మంచా చెడ్డా అన్నది ఇప్పటికీ వాదించుకోవచ్చు. సంస్థ ముఖ్యమా, మాట ముఖ్యమా? నాలాంటి పిరికివాడయితే సంస్థ ముఖ్యమని చెప్పి కుర్చీలోనే కూచునేవాడు.

ఆయన స్థానంలో 1931 మే నెలలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వచ్చారు. ఈయన ఉన్నది అయిదేళ్లే. కానీ ఆ అయిదేళ్ల నియామకాలు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆక్స్‌ఫర్డునుంచి వచ్చిన హుమాయూన్ కబీర్ 1932లో వాల్తేరులో పాఠం చెప్పారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఆరు. తర్వాత కేంద్రమంత్రి అయ్యారు. 1934లో హీరేంద్రనాథ్ ముఖర్జీ వచ్చారు, చరిత్ర, రాజనీతి చెప్పడానికి. ఆయనా ఆక్స్‌ఫర్డే, ఆయనా కుర్రాడే. తర్వాతి కాలంలో పార్లమెంటులో కమ్యూనిస్టు పక్షాన పాతికేళ్లపాటు ఆయన ఇంగ్లీషు వినడానికి ప్రత్యర్థులు కూడా చెవులు రిక్కించేవారట. వేదాంతి అయిన వైస్‌ ఛాన్సలరు కమ్యూనిస్టును చరిత్ర చెప్పడానికి పిలవడంలో ఉన్న పెద్దమనసు ఇవాళ ఎవరైనా గమనించదగ్గది.

ఇక సూరి భగవంతం గారు. ఆగిరిపల్లిలో పుట్టినవారు, కలకత్తాలో రామన్ గారి దగ్గర పనిచేసినవారు. 1932లో లెక్చరరుగా చేరి, ముప్ఫై నిండకముందే ప్రొఫెసరయ్యారు. తర్వాత ఉస్మానియాకు వైస్‌ ఛాన్సలరు, ఆపైన బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరు. రసాయనశాస్త్రానికి టి. ఆర్. శేషాద్రి గారు. తెలుగుకు పింగళి లక్ష్మీకాంతం గారు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇస్తానన్నారు గనక సైన్సు కాలేజీ లేచింది, దానికి ఆయన పేరే పెట్టారు. డబ్బిచ్చినవారి పేరు గోడ మీద ఉంటుంది. కుర్రవాళ్లను నమ్మి ఉద్యోగాలిచ్చినవారి పేరు ఎక్కడా చెక్కరు. అది ఆ కుర్రవాళ్ల పనిలోనే ఉంటుంది.

1936లో రాధాకృష్ణన్ గారు ఆక్స్‌ఫర్డుకు వెళ్లారు, రెడ్డిగారు మళ్లీ వచ్చారు. అలిగి వెళ్లినవారు అదే కుర్చీకి తిరిగి రావడం, ఈసారి పదమూడేళ్లు ఉండటం నాకు చాలా ఇష్టమైన ఘట్టం. వెళ్లేటప్పుడు తలుపు వేసిన తీరు బాగుంటేనే మళ్లీ తట్టగలుగుతాం.

ఇన్ని గొప్పలు చెప్పాను గనక ఒక పొరపాటు కూడా చెప్పకపోతే న్యాయం కాదు. 1940లో అదే వాల్తేరులో లెక్కల్లో ఎం.ఏ. పాసైన ఒక కుర్రవాడు పరిశోధనకు స్కాలర్‌షిప్పు అడిగాడు. మొదటి తరగతిలో మొదటివాడు. దరఖాస్తు ఆలస్యంగా అందిందని తోసిపుచ్చారు. గడువు దాటింది, అంతే! చేసేది లేక కలకత్తాలో మిలిటరీ వారి సర్వే శాఖలో గణితజ్ఞుడి ఉద్యోగముందంటే ఇంటర్వ్యూకు వెళ్లాడు. అదీ రాలేదు. ఆ వెళ్లినప్పుడు బసలో కలిసిన ఒక దక్షిణాది ఆయన, తాను మహలనోబిస్ గారి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నానని చెప్పాడు. కుర్రవాడు అక్కడికి వెళ్లి చూసి, 1941 జనవరి 1న చేరిపోయాడు. ఆ కుర్రవాడే కల్యంపూడి రాధాకృష్ణారావు, అంటే సి. ఆర్. రావు గారు. పాతికేళ్లకే, 1945లో, ప్రపంచంలో ఎక్కడ స్టాటిస్టిక్స్ చదివినా తప్పనిసరిగా ఎదురయ్యే క్రామర్-రావు సూత్రాన్ని అచ్చువేశారు. నూట రెండేళ్లు బతికి, 2023 ఆగస్టులో కన్నుమూశారు. ఆ ఏడే ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి కూడా వచ్చింది.

ఈ కథ మొదటిసారి చదివినప్పుడు నా రెండు బస్తాల ధాన్యం గుర్తొచ్చి కొంచెం ఉపశమనం కలిగిన మాట నిజం. ఆనక సిగ్గు వేసింది. గడువు దాటిన ప్రతివాడూ సి. ఆర్. రావు కాడు. నా తరగతిలోనే నాతోపాటు ఆ నోటీసు చూడనివాడు ఇంకొకడున్నాడు. వాడు మరి కాలేజీకి రాలేదు. వాళ్ల ఊళ్లో కిరాణాకొట్టు పెట్టుకున్నాడని విన్నాను. లెక్కల్లో నాకంటే మెరుగ్గా ఉండేవాడు.

యుద్ధం రోజుల నోటీసులు వేరే రకం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. కొండ మీది భవనాలు సైన్యానికి అప్పగించి విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. పుస్తకాలు, పరికరాలు, మేష్టార్లు, వాళ్ల సంసారాలు, అన్నీ. సముద్రపు గాలికి అలవాటు పడినవాళ్లు గుంటూరు ఎండల్లో రసాయన ప్రయోగాలు ఎలా చేశారో తలుచుకుంటేనే చెమట పడుతుంది నాకు. యుద్ధం అయ్యాక మళ్లీ కొండెక్కారు. గుంటూరుకు ఆ రుచి మిగిలిందేమో మరి, 1967లో అక్కడ పోస్టుగ్రాడ్యుయేటు కేంద్రం వచ్చింది, 1976లో అదే నాగార్జున విశ్వవిద్యాలయమైంది.

ఇటు హైదరాబాదులో కథ ఇంకొకటి. 1918లో వెలసిన ఉస్మానియాలో పాఠాలు ఉర్దూలో. దేశభాషలో వైద్యం, ఇంజనీరింగు దాకా చెప్పవచ్చని చూపించిన ఘనత దానిది. కాకపోతే తెలుగువాడికి అదీ పరాయి భాషే. అక్కడ 1938లో హాస్టలు విద్యార్థులు ప్రార్థనలో వందేమాతరం పాడుకున్నారు. పాడరాదని హుకుం వచ్చింది. హుకుం రాకపోతే ఒకటి రెండు హాస్టళ్లతో పోయేదేమో. వచ్చింది గనక సమ్మె అయింది, ఊళ్లు దాటి వరంగల్లు కాలేజీ దాకా పాకింది. వందల మందిని వెళ్లగొట్టారు. వాళ్లను నాగపూరు విశ్వవిద్యాలయం పిలిచి చేర్చుకుంది. అలా వెళ్లినవాళ్లలో వరంగల్లు కాలేజీ కుర్రవాడొకడు తర్వాత ప్రధానమంత్రి అయ్యాడు. పి. వి. నరసింహారావు గారే. ఒక విశ్వవిద్యాలయం తన బోర్డు మీదినుంచి కొట్టేసిన పేరు ఇంకొకటి తన రిజిస్టరులో రాసుకుంది.

భాష సంగతి వచ్చింది గనక మరో ముచ్చట. వాడుకభాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారికి 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదిచ్చి గౌరవించింది. పత్రికలు మారాయి, కథలు మారాయి, పాఠ్యపుస్తకాలూ మెల్లగా మారాయి. మారనిది నోటీసు ఒక్కటే. "రేపు సెలవు" అని రెండు మాటల్లో అయ్యే పనికి మా గుమస్తా గారు ఆరు వరుసలు వాడేవారు. ఒకసారి ధైర్యం చేసి అడిగాను కూడా, ఎందుకండీ ఇంత పాకం అని. "తేలిగ్గా రాస్తే ఎవడూ నమ్మడయ్యా. ఎవరో కుర్రాడు రాసి అంటించాడనుకుంటారు" అన్నారాయన. గిడుగు వారి దగ్గర కూడా దీనికి జవాబు ఉండేది కాదనుకుంటాను.

నిరుడు మనవణ్ణి ఒక కాలేజీలో చేర్చడానికి వెంట వెళ్లాను. అలవాటు కొద్దీ నోటీసు బోర్డు ఎక్కడని అడిగితే నవ్వి, జేబులోంచి ఫోను తీసి చూపించాడు. అన్నీ ఇందులోనే వస్తాయి తాతయ్యా, అన్నాడు. చూశాను. ఎవరికో డాక్టరేటు వచ్చినందుకు అభినందనలు. ఎవరో మేడం గారి పుట్టినరోజు శుభాకాంక్షలు, పూలగుత్తులతో సహా నలభై. ఒక సారు పదవీ విరమణ ఫొటో, శాలువాతో.

"ఫీజు సంగతి ఏమైనా ఉందేమో చూడరా" అన్నాను.

"లేదు తాతయ్యా, ఇంకా చెప్పలేదు."

"పైకి జరిపి చూడు. వీటి కింద ఏముందో."

విసుక్కుంటూనే వేలితో తోసుకుంటూ పోయాడు. పుట్టినరోజులన్నీ దాటాక ఒకచోట ఆగాడు. వాడి ముఖం చూస్తే తెలిసిపోయింది.

"ఎన్నింటి దాకారా?"

"ఇవాళ సాయంత్రం అయిదింటి దాకా."

గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. పదరా అని కర్ర అందుకుని లేచాను.