మన ద్వీపపు నల్లరాళ్ళు - వాటి పూర్వచరిత్ర

చెరకుతోటల నడుమ నల్లరాళ్ళ గుట్టలను చూడనివారు మన మారిషస్‌లో ఉండరు. తోటల కోసం నేలను బాగుచేస్తూ, మొదట బానిసలు, వారి తరువాత ఒప్పందపు కూలీలుగా వచ్చిన మన పూర్వులు చేతులతో ఎత్తి పేర్చిన రాళ్ళవి. ఆ చేతుల చరిత్ర మనకు కొంత తెలుసు. ఆ రాళ్ళ చరిత్ర తెలిసినవారు తక్కువ.

ఇది బసాల్టు రాయి. అగ్నిపర్వతము కక్కిన లావా చల్లారి ఇలా గట్టిపడింది. మన ద్వీపములోని అతి పాత బసాల్టు వయస్సు సుమారు 90 లక్షల సంవత్సరాలు. భూమి లోతులో ఒకచోట నిలకడగా నిప్పులకుంపటి వంటిది ఉన్నదనీ, దానిమీదుగా భూఫలకాలు మెల్లగా జరుగుతూ ఉంటాయనీ శాస్త్రజ్ఞులు చెబుతారు. జరిగిన కొద్దీ కొత్తచోట లావా పొంగుతుంది. మాల్దీవులు, చాగోస్, మారిషస్, రీయూనియన్ ఇలా వరుసగా ఏర్పడినవే. దక్షిణానికి వచ్చినకొద్దీ రాళ్ళ వయస్సు తగ్గుతుంది. రీయూనియన్‌లో ఆ కుంపటి నేటికీ ఆరలేదు.

మరి ఈ వరుసకు మొదలు ఎక్కడ? దక్కను పీఠభూమిలో! సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రిందట భారత భూఖండము ఆ కుంపటి మీదుగా సాగినప్పుడు లావా వరదలై పారింది. ఆ కాలపు నల్లరాయి గోదావరి ఒడ్డున రాజమండ్రి దగ్గర కాతేరులోను, ఆవలి గట్టున పంగిడిలోను కనబడుతుంది. పడమటి కనుమల వైపు పొంగిన లావాయే దాదాపు 1000 కిలోమీటర్లు పారి అక్కడికి చేరినదని పలువురి అభిప్రాయము.

కథ ఇంతటితో ముగియలేదు. 2013లో మన సముద్రతీరపు ఇసుకలో జిర్కాను అనే గట్టి రేణువులు దొరికాయి. వాటిలోని యురేనియము మెల్లగా సీసముగా మారుతుంది గనుక, ఎంత మారిందో కొలిచి వయస్సు చెప్పవచ్చు. అవి ద్వీపముకంటె ఎంతో పాతవని తేలింది. గాలికో, ఓడలతోనో వచ్చిన ఇసుక కాదా అని కొందరు శంకించారు. 2017లో ఆష్‌వాల్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఆ శంక తీర్చారు. 60 లక్షల ఏళ్ళయినా నిండని మన అగ్నిశిల లోపలే 300 కోట్ల ఏళ్ళ జిర్కాను రేణువులను చూపించారు. రాతిలో చిక్కినదానిని గాలి తేలేదు గదా! సముద్రము అడుగున పాత ఖండపు ముక్క ఒకటి ఉన్నదనీ, లావా పైకి వస్తూ దాని రేణువులను మోసుకొచ్చిందనీ వారి నిర్ణయము. సుమారు 9 కోట్ల ఏళ్ళ క్రిందట భారతదేశము, మడగాస్కరు విడిపోయినప్పుడు మిగిలిన ఆ ముక్కకు మారిషియా అని పేరు పెట్టారు.

19వ శతాబ్దిలో కోరంగి రేవులో ఓడ ఎక్కిన మనవారు, ఎరుగని దేశానికి పోతున్నామనుకున్నారు. ఇక్కడ వారు ఎత్తిన రాళ్ళకూ, విడిచివచ్చిన గోదావరి గట్టు రాళ్ళకూ పుట్టుక ఒక్క కుంపటిలోనేనని వారికి చెప్పేవారు లేకపోయారు. యంత్రసాగు కోసం ఆ గుట్టలను కొన్నిచోట్ల తొలగించారు. ఉన్నవాటి దగ్గరికైనా మన పిల్లలను తీసుకుపోయి, ఈ రెండు చరిత్రలనూ చెప్పుదాము.